పని లేని పెద్ద కొలువు

భార్య ఉషా చిలుకూరి మూలాలు ఆంధ్రలో ఉన్నాయి కాబట్టి అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ 'మన అల్లుడు' అయిపోయాడు. సంతోషం. కానీ అల్లుడి ఉద్యోగం ఎలాంటిదో వాకబు చేయకుండా మురిసిపోతే ఎలా? నేను చేశాను. ఆ పదవికి వన్నె తెచ్చిన మహానుభావుడు థామస్ మార్షల్ అని తేలింది.

ఇండియానా గవర్నర్‌గా చేసిన మార్షల్ 1913 నుంచి 1921 దాకా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దగ్గర ఉపాధ్యక్షుడు. రాజ్యాంగం ఆయనకిచ్చిన పని ఎగువ సభ సెనేట్‌లో పెద్ద కుర్చీలో కూర్చోవడం, ఓట్లు సరిసమానమైతే ఒక ఓటు వేయడం. మిగతా టైమంతా అధ్యక్షుడి ఆరోగ్యం ఎలా ఉందో పైకి అడగకుండా గమనిస్తూ ఉండాలి. ఇది ఎక్కడా రాసి ఉండదు. తన కొలువు గురించి మార్షలే ఒక కథ చెప్పేవాడు: ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు ఓడెక్కి పోయాడు, ఇంకొకడు ఉపాధ్యక్షుడయ్యాడు, ఆ తర్వాత ఇద్దరి అయిపూ లేదు. దేశానికి అసలు కావాల్సింది ఐదు సెంట్లకు ఒక మంచి చుట్ట అని కూడా ఆయన సెలవిచ్చాడంటారు. ఎనిమిదేళ్ల పాలనలో జనానికి గుర్తుండిపోయిన విధాన ప్రకటన అదొక్కటే.

1919 అక్టోబర్ 2న విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. భార్య ఈడిత్, డాక్టర్ గ్రేసన్ కలిసి గది తలుపు వేసేశారు. బయటికి మాత్రం ఒట్టి నీరసమని చెప్పారు. ఫైళ్లు ఈడిత్ చేతుల మీదుగానే లోపలికి వెళ్లేవి. సాక్షాత్తూ ఉపాధ్యక్షుడికి అసలు సంగతి ఒక పత్రికా విలేకరి వచ్చి చెబితే గానీ తెలియలేదు. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతి ఒప్పందం, వెర్సాయ్ ఒడంబడిక, సెనేట్‌లో వీగిపోయింది, ఒకసారి కాదు, రెండుసార్లు. సెనేట్‌కు అధ్యక్షుడు మార్షల్. దేశానికి ఎవరో ఈడిత్‌కే తెలియాలి.

ఆ నవంబర్‌లో అట్లాంటాలో మార్షల్ ఉపన్యసిస్తుండగా, అధ్యక్షుడు పోయాడని కబురొచ్చింది. సభకు ఆ మాట చెప్పి, బరువైన గుండెతో దిగి వచ్చాక తేలింది, ఎవడో ఆకతాయి ఫోన్ చేశాడని. దేశాధినేత ఉన్నాడో పోయాడో ఉపాధ్యక్షుడికే ఖాయంగా తెలియని ప్రజాస్వామ్యం అది!

అధ్యక్షుడు అశక్తుడైతే అధికారాలు ఉపాధ్యక్షుడివేనని రాజ్యాంగంలో ఉంది. అశక్తుడని తేల్చేదెవరో మాత్రం లేదు. పీఠం ఎక్కమని కొందరు పోరు పెట్టారు. కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) తీర్మానం చేయాలి, ఈడిత్, డాక్టర్ కూడా రాసివ్వాలి, అప్పుడు చూద్దామన్నాడు మార్షల్. తలుపు వేసినవాళ్లనే తాళంచెవి ఇమ్మనడం! ఇంత మర్యాదస్తుణ్ణి ఏ రాజకీయ చరిత్రలోనూ చూడం.

1967లో 25వ సవరణ వచ్చి అంతా పాడుచేసింది. అధ్యక్షుడు అశక్తుడని ఉపాధ్యక్షుడు, కేబినెట్‌లో మెజారిటీ మంత్రులు కలిసి రాసివ్వొచ్చట. అంటే ఉపాధ్యక్షుడి నెత్తిన పని పెట్టారన్నమాట. మార్షల్ అదృష్టవంతుడు, ఆ రోజు చూడకుండానే 1925లో పోయాడు. పదవి దిగాక మాత్రం మనసులో మాట బయటపెట్టాడు: తనకు పని చేయాలని లేదు గానీ, మళ్లీ ఉపాధ్యక్షుడిగా ఉండమంటే అభ్యంతరం లేదట.