గెలిచినా సీటు లేదంటే ఓటెందుకు? బెర్లిన్ 82వ నియోజకవర్గం చెప్పే సాక్ష్యం

2025 ఫిబ్రవరి 23న జరిగిన జర్మనీ ఎన్నికల్లో 23 మంది తమ నియోజకవర్గాల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. అయినా వాళ్లకు పార్లమెంటులో సీటు దక్కలేదు. కోర్టు అనర్హత వేటు వేయలేదు, రీకౌంటింగూ జరగలేదు. అంతా చట్ట ప్రకారమే జరిగింది. 2023లో మార్చిన ఎన్నికల చట్టం వాళ్లను గుమ్మం బయటే ఆపేసింది. వాళ్లలో సంప్రదాయవాద పార్టీ సీడీయూ వాళ్లు 15 మంది, తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ నలుగురు, బవేరియాలో సీడీయూకు సోదర పార్టీ అయిన సీఎస్‌యూ ముగ్గురు, సోషల్ డెమొక్రాట్ల ఎస్పీడీ ఒకరు. ఏ పార్టీ వాళ్లన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తమ మనిషిని ఎన్నుకున్న ఓటరు చేతిలోంచి ఆ మనిషిని లాగేసుకున్నారు, అదీ సంగతి.

దీన్ని చిన్న సాంకేతిక సవరణగా చూపిస్తున్నారు. కాదు. నియోజకవర్గం అనే మాటకున్న బలాన్నే ఈ సవరణ తీసేసింది. ఎంత బలం పోయిందో తెలియాలంటే ఆ 23 చోట్లలో లేని ఒక నియోజకవర్గం చరిత్ర తిరగేయాలి. అది బెర్లిన్ నడిబొడ్డున ఉన్న ఫ్రీడ్రిష్‌హైన్, క్రాయ్జ్‌బెర్గ్, తూర్పు ప్రెంజ్లావర్ బెర్గ్. 2021లో దాని నంబరు 83, 2025లో 82. నంబరు మారినా తీరు మారలేదు. పార్టీ పెద్దలు వద్దన్న మనిషిని గెలిపించిన గడ్డ అది.

ముందు ఓటు కాగితం సంగతి. జర్మన్ ఓటరుకు ఇచ్చేది ఒకే కాగితం. ఎడమ వరుసలో నల్ల అక్షరాల్లో నియోజకవర్గ అభ్యర్థుల పేర్లు, కుడి వరుసలో నీలం అక్షరాల్లో పార్టీల జాబితాలు. రెండు వైపులా ఒక్కో గుర్తు పెట్టాలి. ఏ పార్టీకి ఎన్ని సీట్లో కుడివైపు ఓటు తేలుస్తుంది. ఈ ప్రాంతం తరఫున వెళ్లేదెవరో ఎడమవైపు ఓటు తేలుస్తుంది. దేశం మొత్తమ్మీద 5 శాతం రాని పార్టీకి జాబితా సీట్లు ఉండవు. కానీ మూడు నియోజకవర్గాలు గెలిస్తే ఆ 5 శాతం అడ్డు తొలగిపోతుంది. ఈ ‘మూడు’ అన్న అంకెను గుర్తుంచుకోవాలి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఫ్రీడ్రిష్‌హైన్ పాత తూర్పు బెర్లిన్, క్రాయ్జ్‌బెర్గ్ పాత పశ్చిమ బెర్లిన్. మధ్యలో ష్ప్రే నది, దాని మీద ఎర్ర ఇటుకల జంట బురుజుల ఒబర్‌బౌమ్ వంతెన. గోడ ఉన్న రోజుల్లో అది సరిహద్దు దాటే చోటు, ఇప్పుడు ఉమ్మడి జిల్లా చిహ్నంలో బొమ్మ. పశ్చిమ బెర్లిన్ వాళ్లు 1990 డిసెంబర్ 2 దాకా జాతీయ ఎన్నికల్లో ఓటే వేయలేదు. వాళ్ల ప్రతినిధులను నగర శాసనసభ పంపేది, బుండెస్టాగ్‌లో, అంటే జర్మన్ పార్లమెంటులో, వాళ్లకు పూర్తి ఓటు హక్కూ లేదు. తర్వాత 2002లో దేశంలో నియోజకవర్గాలను 328 నుంచి 299కి కుదించారు. బెర్లిన్‌లో 13 కాస్తా 12 అయ్యాయి. అంతకుముందు ఫ్రీడ్రిష్‌హైన్ తూర్పునే ఉన్న లిష్టెన్‌బెర్గ్‌తో కలిసి ఉండేది. పాత కమ్యూనిస్టు పార్టీ వారసురాలు పీడీఎస్ 1994లోనూ 1998లోనూ దాన్ని గెలిచింది. కొత్త గీతలు ఫ్రీడ్రిష్‌హైన్‌ను నది దాటించి క్రాయ్జ్‌బెర్గ్‌తో కలిపాయి. నగర కేంద్రమైన మిట్టెను పశ్చిమాన ఉన్న వెడ్డింగ్, టీర్‌గార్టెన్‌లతో కలిపాయి. అలా తూర్పు ఓట్లు పశ్చిమ ఓట్లలో కలిసిపోయాయి.

ఈ కొత్త నియోజకవర్గంలో 2002లో బరిలో దిగిన మనిషి హాన్స్ క్రిస్టియాన్ ష్ట్రోబెలె. లాయరు, గ్రీన్ పార్టీలో పాతకాపు. ఎర్ర మఫ్లరు, సైకిలు ఆయన గుర్తులు. ఆయన మీద పార్టీ పెద్దలకు కోపం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. 2001 నవంబర్ 16న ఎస్పీడీ, గ్రీన్స్ కూటమి ఛాన్సలర్ ష్రోడర్ అఫ్గానిస్తాన్‌కు సైన్యాన్ని పంపే తీర్మానాన్ని విశ్వాస పరీక్షతో ముడిపెట్టారు. కావాల్సినవి 334 ఓట్లు, వచ్చినవి 336. గ్రీన్స్‌లో ఎనిమిది మంది యుద్ధానికి వ్యతిరేకులే అయినా ప్రభుత్వం పడిపోతుందని నలుగురు తలొగ్గారు. నలుగురు మాత్రం ‘కాదు’ అన్నారు, వాళ్లలో ష్ట్రోబెలె ఒకరు. తర్వాత బెర్లిన్ జాబితాలో ఆయనకు గెలిచే స్థానం దక్కలేదు. మామూలుగానైతే రాజకీయ జీవితం అక్కడితో ముగిసేది. ఆయన మాత్రం జాబితా లేకుండా ఎడమ వరుసనే నమ్ముకుని జనంలోకి వెళ్లారు. ఆయన ప్రచారంలో మారుమోగిన నినాదాన్ని తెలుగులో చెప్పాలంటే, ‘ష్ట్రోబెలెకు ఓటేస్తే ఫిషర్‌కు చుక్కలే’. ఫిషర్ అంటే వాళ్ల పార్టీ విదేశాంగ మంత్రే. పోలింగ్‌కు రెండు రోజుల ముందు ప్రచారంలో ఉండగా ఒకడు వెనక నుంచి ఇనుప లాఠీతో ఆయన తల మీద కొట్టాడు. సెప్టెంబర్ 22న 31.6 శాతం ఓట్లతో ఆయన గెలిచారు. నియోజకవర్గం నుంచి నేరుగా గెలిచిన తొలి గ్రీన్ పార్టీ సభ్యుడు దేశం మొత్తంలో ఆయనే.

అదే రాత్రి ఇంకో లెక్క తేలింది. పీడీఎస్‌కు దేశవ్యాప్తంగా 4 శాతం వచ్చింది. నియోజకవర్గాలు మాత్రం రెండే వచ్చాయి, రెండూ తూర్పు బెర్లిన్‌లోనే. మూడోది దక్కలేదు. అది దక్కి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టి చూడండి. 598 సీట్ల సభలో 4 శాతమంటే పాతిక సీట్ల దాకా. ఎస్పీడీకి 251, గ్రీన్స్‌కు 55, మొత్తం 306తో ష్రోడర్ ప్రభుత్వం నిలబడింది. అదనపు సీట్లతో కలిపి 603కి చేరిన సభలో మెజారిటీకి కావాల్సినవి 302. పీడీఎస్ ఆ పాతిక సీట్లు తీసుకుంటే మిగతా అన్ని పార్టీల వాటా తగ్గేది, ష్రోడర్ కూటమి మెజారిటీకి కొన్ని సీట్ల దూరంలో ఆగిపోయేది. ఇరాక్ యుద్ధానికి దూరంగా ఉన్న ప్రభుత్వం, తర్వాత సంక్షేమ పథకాలకు కత్తెర వేసిన ప్రభుత్వం, రెండూ ఆ లెక్క మీద నిలబడినవే. బెర్లిన్ పటం మీద గీత ఇటు కాక అటు జరిగి ఉంటే దేశ చరిత్ర వేరేగా ఉండేది. నియోజకవర్గం అంటే ఊరి వీధి దీపాల వ్యవహారం అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

ఆ తర్వాతి రికార్డు త్వరగా చెప్పేయవచ్చు. ష్ట్రోబెలె 2005లో 43 శాతం పైన, 2009లో దాదాపు 47, 2013లో దాదాపు 40 శాతంతో గెలిచారు. 2017లో ఆయన పోటీ చేయలేదు. గ్రీన్స్ తరఫున జానాన్ బైరామ్ 26 శాతం చిల్లరతో గట్టెక్కారు, 2021లో మళ్లీ గెలిచారు. 2002 నుంచి 2017 దాకా జరిగిన ఎన్నికల్లో గ్రీన్స్ నేరుగా గెలిచిన నియోజకవర్గం దేశంలో ఇదొక్కటే. 2025లో బైరామ్ బరిలో లేరు, వామపక్ష పార్టీ డీ లింకే తరఫున పాస్కల్ మైజర్ గెలిచారు. 2017లో ఇక్కడ రెండో స్థానంలో ఆగిపోయిన మనిషే ఆయన. గ్రీన్స్ కోట అనుకున్నది గ్రీన్స్ సొత్తు కాదని ఓటర్లు చెప్పేశారు.

ఇక 2023 చట్టం ఎలా పనిచేస్తుందో చూడాలి. రాష్ట్రంలో పార్టీకి కుడివైపు ఓట్లను బట్టి వచ్చిన సీట్లెన్నో ముందు తేలుస్తారు. తర్వాత ఆ పార్టీ తరఫున నియోజకవర్గాలు గెలిచినవాళ్లందరినీ ఓట్ల శాతం ప్రకారం పై నుంచి కిందికి పేరుస్తారు. సీట్లు అయిపోయే చోట గీత గీస్తారు. గీత కింద ఉన్నవాళ్లకు సున్నా. దెబ్బ ఎవరికి తగులుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. పల్లెల్లో ఒకే పార్టీ బలంగా ఉంటుంది కాబట్టి గెలిచినవాడికి 40 శాతం వస్తుంది. నగరంలో నాలుగైదు పార్టీలు నువ్వా నేనా అని తలపడతాయి, గెలిచినవాడికి 28, 30 దాటవు. కాబట్టి పోటీ గట్టిగా ఉన్నచోట గెలిచినవాడే గీత కింద పడతాడు. 2025లో సీఎస్‌యూ పోగొట్టుకున్న మూడూ నగరాలే: మ్యూనిక్ దక్షిణం, న్యూరెంబర్గ్ ఉత్తరం, ఆగ్స్‌బుర్గ్. డార్మ్‌స్టాట్, ట్యూబింగెన్, ష్టుట్‌గార్ట్ రెండో నియోజకవర్గం, లొరాఖ్-ముల్‌హైమ్, ఈ నాలుగు చోట్లా జాబితా ద్వారా కూడా ఎవరూ రాలేదు. ఆ నాలుగు నియోజకవర్గాలకు బుండెస్టాగ్‌లో మనిషే లేడు.

ష్ట్రోబెలె సంగతికి వస్తే, బెర్లిన్ గ్రీన్స్‌కు గెలిచిన నియోజకవర్గం ఒక్కటే కాబట్టి ఈ చట్టం కింద కూడా ఆయనకు సీటు వచ్చేది. కానీ అదే 31.6 శాతంతో, చాలా చోట్ల గెలిచిన పెద్ద పార్టీ తిరుగుబాటుదారు అయి ఉంటే వరుసలో అట్టడుగున నిలబడేవారు. 2002లో పీడీఎస్ గెలుచుకున్న ఆ రెండు సీట్ల గతి ఇంకా ఘోరం. లిష్టెన్‌బెర్గ్‌లో గెజీనె లొట్ష్, మార్ట్‌సాన్-హెలెర్స్‌డోర్ఫ్‌లో పెట్రా పావ్ గెలిచారు. సభలో వాళ్లిద్దరినీ మొదట ముందు బల్ల కూడా లేని రెండు కుర్చీల్లో వెనక కూర్చోబెట్టారు. కనీసం కూర్చున్నారు, మాట్లాడారు, ఓటేశారు. నేటి చట్టంలో పార్టీకి 5 శాతం రాక, మూడు నియోజకవర్గాలూ లేకపోతే ఆ రెండు కుర్చీలూ ఉండవు. 2023లో ఆ మూడు నియోజకవర్గాల మినహాయింపునే ఎత్తేశారు. 2024 జూలై 30న రాజ్యాంగ న్యాయస్థానం ఆ మినహాయింపును తాత్కాలికంగా తిరిగి నిలబెట్టింది. 2021లో 4.9 శాతంతో డీ లింకే 39 సీట్లు తెచ్చుకుంది ఆ మినహాయింపు వల్లే.

సవరణను సమర్థించేవాళ్ల వాదనలో పస లేకపోలేదు. సభ 736 మందికి ఉబ్బింది, ఖర్చు పెరిగింది, దామాషా ప్రకారం సభ ఉండాలంటే ఎక్కడో కోత తప్పదు. ఇప్పుడు 630 దగ్గర ఆగింది. మంచిదే. కానీ కోతకు ఇంకో దారి ఉంది, ఆ దారి వాళ్ల చేతిలోనే ఉండేది. 2020 సవరణ 2024 నుంచి నియోజకవర్గాలను 280కి తగ్గించాలని నిర్ణయించింది. 2023 చట్టం దాన్ని రద్దు చేసి 299నే ఉంచింది. నియోజకవర్గాలు తగ్గిస్తే గెలిచిన ప్రతివాడికీ సీటు ఉంటుంది, సభా చిన్నదవుతుంది. పటం మళ్లీ గీయడం కన్నా గెలిచినవాణ్ణి తీసేయడం పార్టీలకు తేలికనిపించింది. 2025లో వచ్చిన సీడీయూ, సీఎస్‌యూ, ఎస్పీడీ కూటమి ఈ నిబంధనను సమీక్షిస్తామని ఒప్పందంలో రాసుకుంది. వాయిదా వేయకుండా ఆ పని చేయాలి.

తెలుగు పాఠకుడికి ఈ గొడవ ఎందుకంటే, దీని వేరు మన నేలలోనూ ఉంది. జర్మన్ చట్టం ప్రకారం నియోజకవర్గ అభ్యర్థిని అక్కడి పార్టీ సభ్యులో ప్రతినిధులో రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. ఆ సమావేశపు మినిట్స్‌ను నామినేషన్‌తో పాటు ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ష్ట్రోబెలెను జాబితాలో తొక్కిపెట్టినా స్థానిక సభ్యులు నిలబెట్టగలిగింది అందుకే. మన దగ్గర 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో అలాంటి షరతు లేదు. అధ్యక్షుడో, ఆయన రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తో సంతకం చేసిన బీ ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరితే చాలు. ఆ కాగితం కోసం హైదరాబాద్‌లో, అమరావతిలో నాయకుల ఇళ్ల ముందు కాపలా కాసేవాళ్లను ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నాం. నియోజకవర్గంలోని పార్టీ సభ్యుణ్ణి ఎవరూ అడగరు.

గెలిచాక పరిస్థితి మరీ అన్యాయం. జర్మన్ రాజ్యాంగం 38వ అధికరణం సభ్యుడు తన మనస్సాక్షికే బద్ధుడంటుంది. మనం 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు తెచ్చుకున్నాం. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన చట్టం విప్ ధిక్కరించిన ప్రతి ఓటునూ అనర్హతకు కారణంగా చేసింది. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే తప్ప సభ్యత్వం పోతుంది. 2001 నవంబర్ 16న ష్ట్రోబెలె వేసిన ఆ ‘కాదు’ ఓటు మన లోక్‌సభలో పడి ఉంటే, క్రాయ్జ్‌బెర్గ్ ఓటర్లు తీర్పు చెప్పడానికి పది నెలల ముందే పార్టీ ఆయన్ని ఇంటికి పంపగలిగేది.