పుట్ట పోతే గొడుగెక్కడిది?

పెదకాకాని నుంచి మంగళగిరి దాకా హైవే పక్కన వెంచర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయని మేమే ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. ఇప్పుడా మాట రాయాలంటే ఇబ్బందిగా ఉంది. తొలకరి పడ్డాక గంపలో ఆకులు పరిచి పుట్టగొడుగులు అమ్ముకొచ్చే ఆడవాళ్లు మీ వీధిలో కనబడి ఎన్నేళ్లయిందో ఒకసారి గుర్తుచేసుకోండి.

సూపర్ మార్కెట్లో ప్యాకెట్లు దొరుకుతున్నాయిగా అంటారు. అవి వేరు. ముత్యపుచిప్ప రకాన్నీ, పాల రకాన్నీ వరిగడ్డి మీద షెడ్డులో పెంచుకోవచ్చు. అసలు పుట్టగొడుగుకి రైతు చెదపురుగే. ఎండుగడ్డీ పుల్లలూ నమిలి తెచ్చి, పుట్ట లోపల తేనెతుట్టెలాంటి అరలు కట్టి, వాటి మీద ఈ బూజును పెంచుకుంటుంది. వానలకి అదే గొడుగై పైకొస్తుంది. నెమ్మదిగా లాగితే తెల్లటి కాడ జానెడు, ఒక్కోసారి మూరెడు, మట్టిలోంచి వస్తూనే ఉంటుంది. గొడుగు నడినెత్తిన మేకులాంటి ముదురురంగు మొన, మట్టిని చీల్చుకు రావడానికే. చెదలు లేకుండా దీన్ని పండించి అమ్మే పద్ధతి ఇంకా ఎవరికీ చిక్కలేదు.

మనమేమో నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం, కార్తీకం దాటగానే అదే పుట్టను ప్రొక్లెయిన్‌తో లేపేస్తాం. (చవితినాడు పుట్ట దొరక్క గుడి దగ్గర క్యూ కట్టేదీ మనమే.) మిగిలిన గట్ల మీద గడ్డిమందు. కూలి రేట్లు చూస్తే రైతుని ఏమనలేం గానీ, పొలంలో కొట్టే మందు గట్టు మీదా, డొంక పక్కనా కూడా కొట్టాల్సిన పనేముంది?

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2025 మార్చిలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్క చెప్పింది: పరిశీలించిన 1,300 రకాల శిలీంధ్రాల్లో (పుట్టగొడుగులు, బూజుల్లాంటివి) కనీసం 411 అంతరించే ముప్పులో ఉన్నాయి. సాగు, ఊళ్లు పెరిగి చోటు పోయినవి 279, ఎరువుల నత్రజని, బండ్ల పొగ దెబ్బ తగిలినవి 91. యూరప్ పచ్చికబయళ్లలో పెరిగే ఫైబ్రస్ వాక్స్‌క్యాప్ అనే పుట్టగొడుగు ఈ రెండో బాపతే. పచ్చిక బాగా పెరగాలని చల్లిన ఎరువే దాని ప్రాణం తీస్తోంది.

మన 1972 వన్యప్రాణి చట్టం జాబితాల్లో జంతువులున్నాయి, మొక్కలున్నాయి, పుట్టగొడుగు లేదు. దాన్ని మార్చడం ఢిల్లీ పని, ఎప్పటికయ్యేనో. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో కమిటీలుండాలి, ఊరి జీవరాశుల్ని రాసుకునే రిజిస్టరూ ఉండాలి. అది మన చేతిలో పనే. ఏ బీడులో, ఏ చెరువు కట్ట మీద, ఏ వానకి గొడుగులు లేస్తాయో గొర్లకాపరికి తెలుసు, గంప మోసిన అవ్వకి తెలుసు. వాళ్లని కూర్చోబెట్టి, చెప్పింది రాసుకుని, ఆ చోట్లను ఉపాధి హామీ చదును పనుల్లోంచీ, గడ్డిమందు నుంచీ తప్పించండి. తొలకరిలోపు గుంటూరు జిల్లాలో పది ఊళ్లు ఈ పని చేసినా ఆ పేజీలు మేం అచ్చేస్తాం, సర్వే నంబర్లు మాత్రం వేయం. వేస్తే మర్నాడు పొద్దున్నే అక్కడ సంచులు పట్టుకుని ఎవరుంటారో మాకు తెలుసు.