తొమ్మిదో ప్రశ్న మేనేజరు చేతికి ఇవ్వకండి

వారం నుంచి ఒకటే మెసేజ్. భీమవరం నుంచి ఇద్దరు, తణుకులో నాతో చదువుకున్న మిత్రుడు, అమలాపురం నుంచి మా మేనత్త కొడుకు, అందరూ పంపిందే పంపుతున్నారు: ‘ఆఫీసు స్టాఫ్ టెన్షన్‌ను 21 రోజుల్లో పోగొట్టే ఆన్‌లైన్ ట్రైనింగ్, అయిదు సూత్రాలు’. కింద మా వాడి ముక్క: “బావా, నువ్వు చేసే పని ఇదేగా, చూడు.” చూశాను. ఆరేళ్లుగా ఇలాంటి పాఠాలు తయారుచేసి బతుకుతున్నవాణ్ణి, ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది, ఆ 21 రోజులు. ఆపరేషన్ అయినవాళ్లకు తమ కొత్త ముఖం అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాశాడు. ‘కనీసం’ అన్న మాట చేతులు మారేసరికి రాలిపోయింది. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం లెక్కగడితే ఒక అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. అయినా నెత్తిన పడ్డ పని తగ్గకుండా టెన్షన్ ఎలా పోతుంది?

రెండోది, ‘చదివింది 10 శాతమే గుర్తుంటుంది, కాబట్టి అన్నీ వీడియోలే పెట్టండి’. ఈ శాతాలకు అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు చెబుతారు. ఆయన 1946లో గీసిన బొమ్మలో అంకెలే లేవు, ఎవరో తర్వాత తగిలించారు. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లే క్లర్కుకు సిగ్నల్ సరిగ్గా అందకపోతే వీడియో చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండు పేజీల తెలుగు, చిన్న ఆడియో ముందే దింపుకుంటే రేవు దాటేలోపు పూర్తవుతుంది.

మూడోది, పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు. తాగితే నష్టం లేదు.

నాలుగోది చదివితే ఒళ్లు మండింది. ‘మొదటి రోజే ప్రతి ఉద్యోగి చేత పేరుతో సహా పీహెచ్‌క్యూ-9 నింపించండి. స్కోరు 10 దాటినవాళ్ల జాబితా మేనేజరుకు పంపండి. ఎవరు వీకో తెలిసిపోతుంది.’

పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ ఉందేమో చూడడానికి వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం. ఇది రాసినవాళ్లు ఆ తొమ్మిది ప్రశ్నలూ చదివారా? గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని అడుగుతూ వచ్చి, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని తొమ్మిదోది అడుగుతుంది. రొయ్యల పట్టుబడి లెక్కలు ముగించుకున్న ఒక అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్‌లో దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కిందనుకోండి. అప్పుడు అవతల ఎవరున్నారు? సోమవారం ఎక్సెల్ తెరిచే మేనేజరా? జవాబు వినగానే ఆమెతో మాట్లాడే మనిషి లేనప్పుడు ఆ ప్రశ్న అడగడమే తప్పు. అది డాక్టరు దగ్గర ఉండాల్సిన కాగితం. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా వివరంగా మాట్లాడి చూడాలని అర్థం. అంతటితో జబ్బు ఖాయం చేయరు. ‘వీక్’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

పైగా మన ఊళ్ల సంగతి తెలియదా? ఇక్కడ మేనేజరు గారి తోడల్లుడు అకౌంటెంటు గారికి పెద్దమ్మ కొడుకు అవుతాడు. పాలకొల్లులో మధ్యాహ్నం బయటపడిన స్కోరు సాయంత్రానికి పెళ్లి సంబంధం వాళ్ల చెవిన పడుతుంది. ఒక ఆఫీసులో ఇలాగే జాబితా పొక్కింది. అందులో పేరున్న కుర్రాణ్ణి ‘పాపం, తట్టుకోలేడు’ అని డిస్పాచ్ పని నుంచి తప్పించారు. రెండు నెలలకు మానేశాడు. మరుసటి ఏడాది అక్కడ అందరూ అన్నిటికీ సున్నాలే పెట్టారు. “మన స్టాఫ్ అంతా హ్యాపీ అండి” అని యజమాని ఫోన్ చేస్తే నాకు నోట మాట రాలేదు.

అడగాలనుంటే పేర్లు లేకుండా పని గురించి అడగండి. రాత్రి ఎన్ని ఫోన్లు వస్తున్నాయి, సెలవు అడిగితే ఏమంటున్నారు, మార్చి నెలాఖరులో ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారు. ప్రతి పాఠం కింద మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పెట్టండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరుకు ఎవరు ఫోన్ చేశారో ఆఫీసుకు అక్కర్లేదు.

బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది జవాబులు చూసి, వెల్‌బీయింగ్ యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే పాఠాల్లో చేరినవాళ్లు చేరనివాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరని 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ రాశాడు. నా పొట్టకూటి పనినే ప్రశ్నించే ఫలితం అది. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయిదోది, ‘ముందు పైవాళ్లు నేర్చుకోవాలి’. ఈ మెసేజ్‌లో సరైన మాట ఇదొక్కటే, నేను చేయనిదీ ఇదే. మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. నేను మాత్రం ఆరేళ్లూ గుమాస్తాలకే పాఠాలు చేశాను. డబ్బిచ్చే పెద్దలకు చేదు మాట చెప్పడానికి జంకాను. వచ్చే నెల తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు ఆఫీసు పని ఉంది. మొదటి పాఠం యజమానికి, ఆయన ఇద్దరు మేనేజర్లకు రాస్తున్నాను: రాత్రి తొమ్మిది దాటాక ఎవరికి, దేనికి ఫోన్ చేయొచ్చు అని. వాళ్లు అది పూర్తిచేశాకే మిగతా సిబ్బందికి లింకు వెళ్తుందని చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.