ఎల్‌-1 మహాత్మ్యం

సిటీ బస్సు మొదటి మెట్టు అందక, రాడ్డు పట్టుకుని వేలాడుతూ, ‘ఈ బస్సును ఎవడు కొన్నాడో గానీ’ అని తిట్టుకునే ప్రయాణికులకు ఒక మనవి. బస్సును ఎవరూ కొనరు. టెండరు పిలుస్తారు, అది వస్తుంది. మధ్యలో మనుషుల ఇష్టాయిష్టాలకు చోటు లేకుండా చూడటమే ఈ పద్ధతి గొప్పతనం. అంత నిష్పక్షపాతంగా వచ్చిన వాహనాన్ని పట్టుకుని నోటికొచ్చినట్టు అనడం మర్యాద కాదు.

ఒకప్పుడు ఇంత శాస్త్రం ఉండేది కాదు. ఆర్టీసీ వారు అశోక్ లేలాండ్ దగ్గరో టాటా దగ్గరో చాసిస్, అంటే ఇంజినూ చక్రాలూ ఉన్న చట్రం, కొనేవారు, మియాపూర్ లాంటి చోట సొంత బాడీ కట్టుకునేవారు. ఆ చాసిస్‌ది లారీ వంశం. ముందు ఇంజిను, కింద పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మీద నేల. అందుకే అంత ఎత్తు. లారీలో వెళ్లే సిమెంటు బస్తాలు ఎత్తు గురించి ఏనాడూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి, మనుషులూ చేయరని పెద్దలు భావించడంలో తప్పేముంది? తర్వాత కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ వారు నగర బస్సు నేల ఎత్తుకు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలు నిర్ణయించి పెట్టారు. ఎత్తు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులు ప్రయాణికుల సొంత ఖాతా. ఇక ఏ రకం ఎంచుకోవాలో టెండరు కమిటీకి ఎవరైనా చెప్పాలా?

అసలు ఎంపిక బిడ్లు రాకముందే, అర్హత నిబంధనల దగ్గరే సగం అయిపోతుంది. ఇంతకుముందు ఇన్ని బస్సులు సరఫరా చేసి ఉండాలి, ఇంత టర్నోవర్ ఉండాలి. సరఫరా చేసిన అనుభవం లేనివాడికి సరఫరా చేసే అవకాశం రాదు, అవకాశం రానివాడికి అనుభవం రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత పుట్టింది ఏదో టెండరు సెక్షన్‌లోనేనని నా అనుమానం. ఆ పైన ప్రీ-బిడ్ మీటింగు. కంపెనీలు కుప్పలకొద్దీ సందేహాలు అడుగుతాయి. చాలావాటికి ‘టెండరులో ఉన్నట్టే’ అని జవాబు వస్తుంది. నాలుగు రోజులాగి ఒక కొరిజెండం, అంటే సవరణ పత్రం, వచ్చి, టెండరులో ఉన్నది ఇప్పుడు లేదని చెబుతుంది. ఈ మీటింగుకు బస్సెక్కేవాడిని పిలిచిన దాఖలా నాకు తెలిసి లేదు. పిలిచినా, బస్సు దొరికి సమయానికి రావాలిగా.

ఈ శాస్త్రం ఏ ఎత్తుకు ఎదగగలదో చూడాలంటే ముంబై వెళ్లాలి. 2022 ఫిబ్రవరిలో అక్కడ సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ 1,400 ఎలక్ట్రిక్ ఏసీ బస్సులకు టెండరు పిలిచింది. పన్నెండేళ్ల కాంట్రాక్టు. ఒకసారి ఛార్జ్ చేస్తే, బ్యాటరీలో 80 శాతంతో, ఏసీ వేసుకుని, సగటున 200 కిలోమీటర్లు నడవాలని షరతు. టాటా మోటార్స్ వారు నడుస్తుంది అన్నారు, కాకపోతే ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో అన్నారు. ప్రామాణిక పరిస్థితి అంటే ముందు ఆటో, వెనక ఆటో, డోరుకు ఆరుగురు వేలాడటం కాదు కదా. బెస్ట్ ఒప్పుకోలేదు. టాటా పక్కకు జరిగింది, మన హైదరాబాద్ ఎలక్ట్రిక్ బస్సుల కంపెనీ ఒలెక్ట్రా అనుబంధ సంస్థ ఈవే ట్రాన్స్‌కు కాంట్రాక్టు దక్కింది.

టాటా బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ఆ జులైలో తీర్పు వచ్చింది: టాటాను తప్పించడం సబబే, అయితే బిడ్లు వేశాక ఒక అనుబంధ పత్రాన్ని మార్చుకోనిచ్చారు కాబట్టి ఈవేకు ఇవ్వడమూ చెల్లదు. అంటే ఓడినవాడు ఓడాడు, గెలిచినవాడూ ఓడాడు. 2023 మే 19న సుప్రీంకోర్టు ఈవే కాంట్రాక్టును నిలబెట్టింది. ఆలోగా 1,400 కాస్తా 2,100 అయింది. కాగితం మీద సంఖ్య పెరిగినంత జోరుగా రోడ్డు మీదికి బస్సులు రాలేదు. స్టాపులో నిలబడ్డవాళ్లు ‘బస్సెందుకు రావట్లేదు’ అని గొణుక్కుని ఉంటారు, పాపం. దేశంలోకెల్లా పెద్ద న్యాయస్థానం ఒక అనుబంధ పత్రం మంచిచెడ్డలు తేలుస్తున్నదని వాళ్లకెలా తెలుస్తుంది?

ఇన్ని గండాలు గట్టెక్కిన తర్వాత దర్శనమిచ్చేదే ఎల్‌-1. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు. ఇప్పుడు బస్సుకు ధర అడగరు, కిలోమీటరుకు అడుగుతారు. దీన్ని గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్ అంటారు. డిపోలో అడిగితే ‘అదే సార్, అద్దె బస్సు’ అంటారు. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీవాడు, రిపేర్లు కంపెనీవి. కండక్టరు, టికెట్ డబ్బులు ఆర్టీసీవి. 2022లో ఎలక్ట్రిక్ బస్సుల టెండర్లు చూసే కేంద్ర సంస్థ సీఈఎస్‌ఎల్ హైదరాబాద్‌తో కలిపి ఐదు నగరాల కోసం 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిస్తే, పన్నెండు మీటర్ల బస్సుకు కిలోమీటరు 43.49 రూపాయలు, తొమ్మిది మీటర్ల దానికి 39.21 రూపాయలు అత్యల్పంగా తేలాయి. కరెంటు ఖర్చు కూడా అందులోనే. ఆ 49 పైసల దగ్గర ఎందరు అకౌంటెంట్లకు నిద్ర పట్టలేదో. కుషన్ ఎంత మెత్తన, కిటికీ అద్దం జరుగుతుందా లేదా లాంటి చిల్లర విషయాలు ఆ పైసల్లో కలిసిపోయాయి.

ఈ పద్ధతిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే అంశం ఇంకొకటుంది. బస్సు నిండా జనం ఉన్నా, దోమలు తప్ప ఎవరూ లేకపోయినా కంపెనీకి వచ్చేది అదే 43 రూపాయల చిల్లర. కిలోమీటరు తిరిగితే చాలు. అంటే రవాణా వ్యవస్థను ఇన్నేళ్లుగా పీడిస్తున్న ప్రయాణికుడు అనే సమస్యను లెక్కలోంచి తీసేయగలిగారు. ఆగకుండా పోతే జరిమానా అని కాంట్రాక్టులో ఒక క్లాజు ఉంటుంది, దాని గౌరవం దానిది. మెహిదీపట్నంలో సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి. బస్సు స్టాపు దాటి ఇరవై అడుగులు ముందుకెళ్లి ఆగుతుంది, ఆగీ ఆగనట్టు. జనం పరుగు. ఒకావిడ ముందు కూరగాయల సంచిని లోపలికి విసురుతుంది, టమాటాలు సీటు కిందికి దొర్లుతాయి. తర్వాత చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో రాడ్డు అందుకుని తాను ఎక్కుతుంది. ‘ముందుకు జరగండమ్మా, ముందుకు’ అని కండక్టరు అరుస్తుంటాడు. ముందు ఉన్నది ఇంకో ఆవిడ వీపు. ఈ దృశ్యానికి టెక్నికల్ బిడ్‌లో కాలమ్ లేదు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక, బస్సులు ఎవరికోసమో ప్రభుత్వానికి గుర్తొచ్చింది. బస్సుల డిజైను అప్పటికే అయిపోయింది. దాంతో కొన్ని సిటీ బస్సుల్లో మధ్య సీట్లు తీసి, మెట్రో రైల్లోలా పక్కలకు అమర్చి చూశారు. నిలబడేవాళ్లకు చోటు పెరిగింది. కూర్చునేవాళ్లు తగ్గారు. సమానత్వం అంటే అదే.

ప్రయాణికుడి మాట అసలు వినరని అనడం కూడా అన్యాయమే. ఒకసారి విన్నారు. 2020లో ఒకాయన హైదరాబాద్ పాత డబుల్ డెక్కర్లను తలుచుకుని ట్వీట్ చేస్తే, అప్పటి మంత్రి కేటీఆర్‌కు అబిడ్స్‌లో తన స్కూలు రోజులు గుర్తొచ్చాయి. మూడేళ్లు తిరగకుండా, ఫార్ములా-ఈ రేసు ముందు, ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు దిగాయి. స్విచ్ కంపెనీవి, ఆరు బస్సులకు 12.96 కోట్లు. నగరంలో బస్సులు నడిపేది ఆర్టీసీ, కొన్నది నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. రెండంతస్తుల బస్సుకు అడ్డొచ్చే ఫుట్ ఓవర్ బ్రిడ్జీలు, తీగలు, చెట్ల కొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కాబట్టి అవి కోఠికీ వెళ్లలేదు, కూకట్‌పల్లికీ వెళ్లలేదు. హుస్సేన్‌సాగర్ చుట్టూ సందర్శకులను తిప్పాయి, తిప్పనప్పుడు ఖాళీగా నిలబడ్డాయి. జనం కోరింది ఇస్తే ఏమవుతుందో చూశారుగా.

ఇప్పుడు ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం సాయమిచ్చే పీఎం ఈ-డ్రైవ్ వచ్చింది. పథకం మొత్తం 10,900 కోట్లు, ఐదు నగరాలకు తొలి విడత కేటాయించిన బస్సులూ 10,900. కాకతాళీయమే, అయినా లెక్కల్లో ఇంత అందం అరుదు. ఇందులో హైదరాబాద్ వాటా 2,000. ఆర్టీసీలు డబ్బులిస్తాయో లేదోనని కంపెనీలకు టెన్షన్ కాబట్టి, 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపుల భద్రతా పథకం కూడా పెట్టింది. ఆర్టీసీ ఎగ్గొడితే కేంద్రం ముందు కట్టి, తర్వాత రాష్ట్రం దగ్గర వసూలు చేసుకుంటుంది. కంపెనీకి భద్రత, బ్యాంకుకు భద్రత. ప్రయాణికుడి భద్రతకు ఆ రాడ్డు ఎలాగూ ఉంది.

ఇంత చెప్పినా, బస్సుల ఎంపికలో మాకూ ఒక కుర్చీ వేయాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వేయొచ్చు. కాకపోతే అందరికీ వర్తించే నిబంధనలే వీళ్లకూ వర్తించాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో నిలబడి చేసిన ప్రయాణాల వివరాలు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణతో. ఫుట్‌బోర్డు అనుభవ పత్రం, సంబంధిత డిపో మేనేజర్ సంతకంతో. వెనక్కి ఇవ్వబడే ధరావతు, బ్యాంకు గ్యారంటీ రూపంలో. అన్నీ సీల్డ్ కవర్‌లో పెట్టి, ప్రీ-బిడ్ మీటింగు రోజు ఉదయం పదిన్నరకల్లా ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌లో అందజేయాలి. ట్రాఫిక్ వల్ల లేదా బస్సు రాకపోవడం వల్ల ఆలస్యమైతే సంస్థ బాధ్యత వహించదు.