జలియన్‌వాలాబాగ్: 20 నిమిషాలు

అమృత్‌సర్ స్టేషనులో దిగగానే మా యాత్రల మేనేజరుగారు తలా ఒక రంగు కాగితం పంచారు. పైన వినాయకుడి బొమ్మ, అడుగున ఫోను నంబరు, మధ్యలో అమృత్‌సర్ చరిత్ర. ఆ చరిత్ర ఆరు వరుసల్లో అయిపోయింది. స్వర్ణదేవాలయం, 1 గంట (చెప్పులు విడవడం, తొడుక్కోవడంతో కలిపి). జలియన్‌వాలాబాగ్, 20 నిమిషాలు. షాపింగ్, గంటన్నర. భోజనం, మన వంటలు, 1 గంట. వాఘా సరిహద్దు, 4 గంటలు. విభజన మ్యూజియం, వీలుంటే.

ఆ కాగితాన్ని నేను పారేయలేదు. ఇంటికి తెచ్చి బీరువాలో ఇంటి పత్రాల పక్కన పెట్టాను. మన గతానికి మనం ఎంత సమయం ఇస్తామో ఇంత నిక్కచ్చిగా లెక్క కట్టిన పత్రం మరొకటి నా కంట పడలేదు. పరిశోధకులెవరైనా అడిగితే నకలు ఇస్తాను.

'వీలుంటే' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. "మా ఊరు వస్తే, వీలుంటే ఇంటికి రండి" అన్నవారి ఇంటికి మీరెప్పుడైనా వెళ్లారా? మ్యూజియమూ అంతే. పాత టౌన్‌హాలులో, గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. 1947లో సరిహద్దు దాటుతూ జనం చంకన పెట్టుకుని తెచ్చుకున్న ట్రంకుపెట్టెలూ, ఫుల్కారీ కుట్టుపని బట్టలూ అక్కడ దాచారు. కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి నడిచిన ఆ సంవత్సరం మాకు వీలు పడలేదు. దుప్పట్ల కొట్టులో బేరం తెగలేదు మరి.

స్వర్ణదేవాలయంలో మా గంట ఇలా గడిచింది. చెప్పుల గది దగ్గర పావుగంట. అక్కడ మన చెప్పులు అందుకుని టోకెను ఇచ్చేవారు జీతగాళ్లు కారు, సేవకు వచ్చినవారు. వారిలో ఒకాయన చేతికి మా బృందంలో ఒకరు పది రూపాయలు ఇవ్వబోయారు. ఆయన రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. చాలలేదేమో అని మా బృందం మనిషి ఇరవై తీశారు. తర్వాత తలగుడ్డలు. ద్వారం దగ్గర బుట్టలో ఊరికే దొరుకుతాయి, మేము మాత్రం బజారులో కొనుక్కున్నాం. ఇక లోపల వంతెన మీద వరుస చూస్తే మా గంట కంటే పొడుగ్గా ఉంది. 1577లో గురు రామదాసు తవ్వించిన సరస్సు. ఊరికి అమృత్‌సర్ అన్న పేరు తెచ్చిపెట్టిన సరస్సు. దాని ఒడ్డున నిలబడి గుడి బంగారు రేకు మెరుపుకు ఒక దండం, ఫోనుకు ఒక ఫోటో సమర్పించి వెనక్కి తిరిగాం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు పెట్టి ఎవరైనా రావచ్చు అన్నారు వాళ్లు. మేము ఒక ద్వారంలో వచ్చి అదే ద్వారంలో, సమయానికి బయటపడ్డాం.

ఇప్పుడు భోజనం సంగతి. పగలనక రాత్రనక రోజుకు 50,000 మందికి పైగా కూర్చోబెట్టి, కులం అడగకుండా, పైసా అడగకుండా అన్నం పెట్టే లంగరు ఆ ప్రాంగణంలోనే ఉంది. మా మేనేజరుగారు మెట్ల మీద నిలబడి గట్టిగా ప్రకటించారు: "దయచేసి ఇక్కడ ఎవరూ తినకండి. మన సాంబారు మిగిలిపోతుంది."

సాంబారు మీద నాకు కోపం లేదని మనవి. విజయవాడ నుంచి బియ్యం మూటలతో, గ్యాసు పొయ్యితో, ఆవకాయ జాడీతో రైలెక్కి వచ్చిన ఆ వంటవాళ్లు నిజంగా మంచివాళ్లు. కానీ ఇంత దూరం వచ్చింది లాడ్జి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన, మన వీధి భోజనమే తినడానికా? మా బృందంలోని రిటైరైన మామయ్యగారిని అడిగాను. "ఊరికే తినడం మనకు నామోషీ కదండీ" అన్నారు. రైల్లో పక్కవాళ్ల పల్లీలు ఊరికే తిన్నదీ ఆయనే. గురు అమర్‌దాసు దర్శనానికి వెళ్లిన అక్బరు చక్రవర్తి ముందు పంక్తిలో కూర్చుని తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. పాపం, అక్బరుకు సాంబారు బెంగ లేదు.

నేను మాత్రం దొంగతనంగా లోపలికి వెళ్లి కూర్చున్నాను. రొట్టె విసురుతారని భయపెట్టారు గానీ, అలాంటిదేమీ లేదు. రెండు చేతులూ దోసిలి పడితే అందులో పెడతారు. ఒక చేయి చాపితే ముందుకు వెళ్లిపోతారు. ఎడమ చేతిలో ఫోను ఉన్న నేను మూడు రొట్టెలు పోగొట్టుకుని, నాలుగో దానికి ఫోను జేబులో పెట్టాను.

అక్కడి నుంచి జలియన్‌వాలాబాగ్ అయిదు నిమిషాల నడక. మేనేజరుగారి దగ్గర ఒక ఈల ఉంది. లోపలికి వెళ్లడానికి ఒకసారి, బయటికి రావడానికి రెండుసార్లు ఊదుతారు. ఆ తోట వాకిట్లో ఈల ఏమిటండీ అని అడుగుదామనుకున్నాను. ఊదేశారు.

లోపలికి వెళ్లే ఇరుకు సందు ఉంది కదా, బ్రిటిషు సేనాధికారి డయ్యర్ సిపాయిలు నడిచి వచ్చిన సందు. 2021లో దాన్ని బాగుచేశారు. గోడల నిండా మనుషుల బొమ్మలు. సంతకు పోతున్నట్టు, పిల్లల్ని ఎత్తుకుని, నవ్వుతూ. ఆ బొమ్మల భుజాల మీద చేతులు వేసి యాత్రికులు, వాళ్ల వెనక వరుసలో మరో యాత్రికులు. సందులో కదలడానికి చోటు లేదు. ఆ సందు గోడలు వట్టిగా ఉండడమే దాని సాక్ష్యం. చావు నడిచి వచ్చిన దారికి పెళ్లి మండపం సోకులు కావాలని ఏ గోడ అడిగింది?

అసలు దృశ్యం తూటాల గోడ దగ్గర జరిగింది. ఇటుకల్లో తూటా గుర్తుల చుట్టూ తెల్లని చతురస్రాలు గీసి ఉంచారు. మామయ్యగారు సకుటుంబంగా అక్కడ మోహరించారు. ఆయన కెమెరా వెనక, కూతురూ అల్లుడూ మనవడూ గోడ ముందు.

"అల్లుడుగారూ, గుండు కనపడడం లేదు."

అల్లుడుగారు తిరుపతి మొక్కు తీర్చుకుని నెల కూడా కాలేదు. నెత్తిన ఇంకా గుడిలో కట్టిన కాషాయ గుడ్డ ఉంది. వినయంగా దాన్ని విప్పారు.

"ఆ గుండు కాదండీ, తుపాకీ గుండు! మీ తల అడ్డం వస్తోంది."

అల్లుడుగారు కుడికి జరిగారు. ఎండ నేరుగా ఆ తల మీద పడి కెమెరా కళ్లు చెదిరాయి. గుడ్డ మళ్లీ కట్టుకోమన్నారు. కట్టుకున్నాక పై గుర్తు కనపడింది గానీ కింది గుర్తు కనపడలేదు. కూర్చోమన్నారు. కూర్చుంటే కూతురి చీర అంచు కత్తిరించుకుపోయింది. వెనక ఇంకో మూడు కుటుంబాలు చతురస్రం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాయి. చివరికి మామయ్యగారికి ఉపాయం తట్టింది. "బాబూ, నువ్వు ఆ చిల్లులో వేలు పెట్టు. పెట్టి ఇటు చూడు."

ఆరేళ్లవాడు వేలు పెట్టాడు. "గోడనెందుకు కాల్చారు తాతయ్యా?"

"ముందు నువ్వు నవ్వు."

గోడను కాల్చలేదు బాబూ. గోడ ఎక్కి పారిపోబోతున్నవాళ్లను కాల్చారు. 1919 ఏప్రిల్ 13, వైశాఖి పండుగ. పండుగకు పల్లెల నుంచి వచ్చినవాళ్లూ, ఊరి నాయకులు కిచ్లూ, సత్యపాల్‌లను పట్టుకుపోయినందుకు సభ పెట్టుకున్నవాళ్లూ ఈ నేల మీద కూర్చుని ఉండగా 50 మంది తుపాకీ సిపాయిలతో డయ్యర్ వచ్చాడు. మరతుపాకుల బండ్లు కూడా రెండు తెచ్చాడు. ఇప్పుడు నవ్వు బొమ్మలున్న ఆ సందు ఇరుకైనందువల్లే అవి బయట ఆగిపోయాయి. హెచ్చరిక లేదు. పది నిమిషాలు, 1650 తూటాలు, జనం ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడికి గురి. సర్కారు లెక్కలో చనిపోయింది 379 మంది, కాంగ్రెసు విచారణ లెక్కలో వెయ్యి వరకూ. రాత్రి ఎనిమిది దాటాక బయట కనపడితే కాల్చేస్తామన్నారు. గాయపడినవాళ్ల సంగతేమిటని తర్వాత సర్కారు వేసిన హంటర్ విచారణ కమిటీ అడిగితే, అది నా పని కాదు, ఆస్పత్రులు తెరిచే ఉన్నాయి కదా అన్నాడా పెద్దమనిషి. ఆయనకు ఇంగ్లండులో ఒక పత్రిక చందాలు పోగుచేసి 26,000 పౌండ్లకు పైగా ముట్టజెప్పింది. రతన్‌దేవి అనే ఆవిడ భర్త శవాన్ని మోసేవాళ్లు దొరకక, కుక్కలు దగ్గరికి రాకుండా ఒక వెదురు కర్ర పట్టుకుని ఆ రాత్రంతా ఇక్కడే కూర్చుంది. రాత్రంతా! నీళ్లడిగే గొంతులు వింటూ! ఆవిడ కూర్చున్న నేల మీద మనకు ఇరవై నిమిషాలు ఎక్కువైపోయి, పదిహేనో నిమిషానికే చల్లని నిమ్మసోడా ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాం. కాల్చడానికి పట్టిన దానికి రెట్టింపు సమయం ఇచ్చాను కదండీ అంటారేమో మేనేజరుగారు. అన్నా అంటారు.

ఇదంతా ఆ పిల్లవాడికి చెప్పానా? లేదు. ఈల రెండుసార్లు మోగింది. వెనకబడినవారి కోసం ఆగబోమని కాగితం అడుగున ఎర్ర అక్షరాల్లో ఉంది. నేనూ కదిలాను.

పోతూ పోతూ బావి దగ్గర మా పిన్నిగారిని వెంటబెట్టుకోవలసి వచ్చింది. తూటాలు తప్పించుకోవాలని జనం దూకిన బావి అది. 120 శవాలు తీశారని ఫలకం మీద ఉంది. ఇప్పుడు చుట్టూ అద్దం. పిన్నిగారు కొంగు ముడి విప్పి రూపాయి నాణెం పట్టుకుని, అద్దంలో సందు కోసం వెతుకుతున్నారు. గోదావరి వంతెన మీద రైలు చప్పుడు మారగానే నాణెం విసిరే చేయి అది, నీళ్లు కనపడితే ఊరుకోదు. "పిన్నిగారూ, ఇది మొక్కుల బావి కాదు" అన్నాను, కొంచెం విసుగ్గానే. ఆవిడ నన్నొకసారి చూసి నాణెం మళ్లీ కొంగుకు కట్టుకున్నారు.

డయ్యర్ మనుషులను పొట్ట మీద పాకించిన వీధి కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఏప్రిల్ 19 నాటి ఉత్తర్వు. అక్కడికి దారి అడిగితే "అది మన ప్యాకేజీలో లేదండీ" అన్నారు మేనేజరుగారు. దుప్పట్ల కొట్టు ఉంది.

మధ్యాహ్నం సాంబారు తిని వాఘాకు బయలుదేరాం. మన వైపు ఊరు అటారీ. వాఘా అవతలి వైపు ఊరు. అయినా వాఘా చూశామనే చెప్పుకుంటాం, చూసింది అటారీ. ముందు వరుసలో చోటు కోసం రెండు గంటల ముందే చేరి, సిమెంటు మెట్ల మీద, నెత్తిన ఎండ పెట్టుకుని కూర్చున్నాం. 1959 నుంచి జరుగుతున్న తంతు. జవాన్లు నుదుటిని తాకేలా కాళ్లు విసిరారు, మైకులో పాటలు మోగాయి, ఆడవాళ్లు రోడ్డు మీదికి దిగి నాట్యం చేశారు. జలియన్‌వాలాబాగ్‌లో కాళ్లు పీకుతున్నాయన్న మామయ్యగారు ఇక్కడ గంటసేపు నిలబడి, గొంతు పోయేదాకా జై కొట్టారు. ఒక్కసారి కూడా ఈల మోగలేదు.

మర్నాడు తిరుగు రైల్లో, బియాస్ నది వంతెన మీదికి రాగానే చప్పుడు మారింది. ఎదుటి సీటులో కునుకుతున్న పిన్నిగారు లేచి, కొంగు ముడి విప్పి, కిటికీ ఊచల మధ్య నుంచి నాణెం వదిలారు.

"ఆ బావిలోవాళ్లకి" అన్నారు, నా వైపు చూడకుండా.

పెట్టె చివర మేనేజరుగారు ఈల ఊదారు. ఉప్మా వచ్చింది.