కలం కడుపులో లక్క ఇల్లు

ఈ వారంలో అయిదోసారి వచ్చింది ఆ సందేశం. పంపినవారు వేరు, చివర పెట్టిన దండాల బొమ్మలు వేరు, సరుకు మాత్రం ఒకటే: "పాతకాలపు పద్ధతిలో చేసిన ఖరీదైన బంగారు పాళీ పెన్ను గురించి ఎవరూ చెప్పని ఏడు నిజాలు." ఎవరూ ఎందుకు చెప్పలేదో చదివాక తెలిసింది.

మొదటిది వాటర్‌మన్ అనే అమెరికా బీమా ఏజెంటు కథ. ఆయన పెన్ను ఒప్పందపత్రం మీద సిరా కక్కేసిందట, ఆ కసితో ఆయన ప్రపంచంలోనే తొలి ఫౌంటెన్ పెన్ను చేశాడట. ఆయన పేటెంటు 1884 నాటిది. రుమేనియాకు చెందిన పెట్రాకె పోయెనారు ఫౌంటెన్ పెన్నుకు ఫ్రాన్సులో పేటెంటు పొందింది 1827లోనే. వాటర్‌మన్ గొప్పతనం వేరే ఉంది: పాళీ కింది నాలుకలో సన్నని గాట్లు పెట్టి, సిరా దిగేకొద్దీ గాలి లోపలికి వెళ్లేలా చూశాడు. చేసిన పని వదిలేసి కట్టుకథ చెప్పడం దేనికో.

రెండోది, బంగారం మెత్తన కాబట్టి రాత నునుపు అని. బంగారం కాగితాన్ని తాకనే తాకదు. కొసన అతికించిన గట్టి మిశ్రలోహపు చుక్క తాకుతుంది. నునుపంతా ఆ చుక్కను సానబట్టిన చేతిలో ఉంది. పూర్వం బంగారం వాడింది, ఆమ్లగుణమున్న సిరాలకు అది తుప్పు పట్టదు కనుక.

పాత పద్ధతి పెన్నుకు తరతరాలు మరమ్మతు అక్కరలేదన్నది మూడోది. 1901 ప్రాంతంలో కాంక్లిన్ కంపెనీ పెన్ను మీద నెలవంకలాంటి రేకు ఉండేది. దాన్ని నొక్కితే లోపలి రబ్బరు తిత్తి అణిగి, వదిలితే సిరా పీల్చుకునేది. ఆ రేకు అడ్డుపడి పెన్ను బల్ల మీంచి దొర్లిపోదని మార్క్ ట్వేన్ మెచ్చుకున్నాడు కూడా. కానీ రబ్బరు రబ్బరే. కొన్నేళ్లకు బిరుసెక్కుతుంది, మార్చాలి. 1929లో పెలికాన్ కంపెనీ తెచ్చిన, సిరా పీల్చే పిస్టన్‌కూ అరుగుదల తప్పదు.

నాలుగోది, అంతరిక్షంలో రాసే పెన్ను కోసం అమెరికా కోట్లు పోస్తే రష్యా పెన్సిలుతో సరిపెట్టుకుందనే పాత కథ. దానికీ ఫౌంటెన్ పెన్నుకూ సంబంధం లేదు. పదండి.

అయిదో దగ్గర నా ఓపిక అయిపోయింది. "రాత వందేళ్లు నిలవాలంటే బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు పోయండి." అయ్యా, అది మసి, లక్క కలిపిన సరుకు. ఎండాక నీటికి కరగకపోవడమే దాని గొప్ప. కాగితం మీద గొప్పే. వెంట్రుకంత గాట్లున్న నాలుకలో? అక్కడా ఎండుతుంది, అక్కడా కరగదు. వారణావతంలో కట్టిన లక్క ఇంటికి విదురుడు పంపినవాడు తవ్విన సొరంగమైనా ఉంది. దీనికి అదీ లేదు. నా స్నేహితురాలు ఒకరు ఈ సలహా పాటించి, "పెన్ను అలిగింది" అని ఫోను చేశారు. అలగలేదమ్మా, గొంతు పూడుకుపోయింది. నిలిచే రాతే కావాలంటే ఫౌంటెన్ పెన్నుల కోసమే చేసిన ఇనుప లవణపు సిరాలున్నాయి. గాలి తగిలి నల్లబడతాయి. అతి సన్నని రేణువుల సిరాలూ ఉన్నాయి. వాటితోనూ పెన్నును వారాల తరబడి ఎండనివ్వకూడదు.

ఇక ఆరోది చూడండి: పెన్ను మొరాయిస్తే వేడినీళ్లు, ఆపైన స్పిరిటు. నిజమే, స్పిరిటుకు లక్క కరుగుతుంది. పాత పెన్నుల్లో రబ్బరు తిత్తిని అతికించిందీ ఆ లక్కతోనే, అదీ ఊడుతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పెన్ను ఒంటికి స్పిరిటు పడదు. ఎబొనైట్, అంటే గట్టిపరచిన రబ్బరు, వేడినీళ్లలో నలుపు పోగొట్టుకుంటుంది. జబ్బు అయిదో నంబరు, మందు ఆరో నంబరు, రోగి మాత్రం ఒక్కడే. ఇంత పొదుపైన వైద్యం నేనెక్కడా చూడలేదు.

ఏడోదాన్ని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను: "చేతి నొప్పి తగ్గుతుంది." కుదరలేదు. బాల్ పెన్నులో గుండు దొర్లాలంటే వేళ్లతో అదమాలి. ఇక్కడ పాళీ కాగితానికి తగిలితే చాలు, సిరా తనంతట దిగుతుంది. ఎక్కువ రాసేవారికి ఆ తేడా తెలుస్తుంది, నాకూ తెలిసింది. ఒప్పుకుంటున్నాను. అయితే దానికి బంగారమూ అక్కరలేదు, పాతకాలమూ అక్కరలేదు. స్టీలు పాళీ కూడా ఆ పని చేస్తుంది.

స్నేహితురాలి పెన్ను నాలుక చన్నీళ్ల గిన్నెలో నానుతోంది. ఇది మూడో రోజు. నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి.