బడికి లక్షలొస్తున్నాయట! ఆ లెక్కేదో ఒకసారి చూద్దాం

ఈ మధ్య మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎవరు రాశారో గానీ, నది దాటి కాళేశ్వరం, చెన్నూరు గ్రూపుల దాకా పోయి మళ్లీ మా దగ్గరికే వస్తోంది. అందులో ఉన్నది ఇది: "సర్కారు టీచర్లు సొంత డబ్బుతో పిల్లలకు పెన్నులు, బహుమతులు ఇస్తున్నామని ఫోటోలు పెడుతున్నారు, నమ్మకండి. ప్రతి జిల్లా పరిషత్ బడికీ ఏటా లక్షల్లో గ్రాంటు వస్తుంది. అయినా చాక్‌పీసులకు, చార్టులకు ఎంతవుతుంది? నెలకు 80 వేలు తీసుకునేవాళ్లకు అదొక ఖర్చా? అమెరికాలో టీచరు పెట్టిన ప్రతి పైసా ప్రభుత్వం వాపసు ఇస్తుంది. పైగా బహుమతులు అలవాటు చేస్తే పిల్లలు చెడిపోతారు. అంతగా కావాలంటే ఊరోళ్లే చందాలేసి ఇస్తారు."

నాది స్టేషనరీ, జిరాక్సు దుకాణం. ఈ తాలూకాలో బడి సామాను ఎవరు కొంటారు, ఏ డబ్బుతో కొంటారు, బిల్లు ఎవరి పేరు మీద రాయించుకుంటారు అన్నది నా ఉద్దెర పుస్తకం చూస్తే తెలుస్తుంది. టీచర్లు కొంటే నీకు గిరాకీయే కదా అంటారేమో. అవును, గిరాకీయే. అందుకే నేను కళ్లారా చూసినవాటితో పాటు, ఎవరైనా సరిచూసుకోగల లెక్కలు కూడా పెడుతున్నాను.

"ప్రతి బడికీ ఏటా లక్షల్లో గ్రాంటు"

గ్రాంటు వస్తుంది, అబద్ధం కాదు. దాని పేరు కాంపోజిట్ స్కూల్ గ్రాంట్. సమగ్ర శిక్షా పథకం కింద, పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. నిబంధనల ప్రకారం 30 మంది దాకా ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 మంది దాకా 25,000. 250 దాకా 50,000. వెయ్యి దాకా 75,000. వెయ్యి మంది దాటితేనే లక్ష. అంటే మెసేజ్‌లో చెప్పిన 'లక్షలు' ఆ పట్టికలో ఎక్కడా లేవు. ఒక్క లక్ష కావాలన్నా పిల్లలు వెయ్యి మంది దాటాలి. మా లోపలి ఊళ్ల బడుల్లో ఇద్దరు టీచర్లు, ఇరవై ముప్పై మంది పిల్లలు. కొన్నిచోట్ల అంతమంది కూడా ఉండరు. పైగా ఇవి నిబంధనల్లో రాసుకున్న గరిష్ఠ మొత్తాలు. మంజూరయ్యేది తక్కువైనా అడిగే నాథుడు లేడు.

ఆ 10,000లో కనీసం పదో వంతు పరిశుభ్రత పనులకే పెట్టాలి. మిగిలేది 9,000. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి 200 రోజులు నడవాలి. రోజుకు 45 రూపాయలన్నమాట. ఆ 45లోనే కరెంటు బిల్లు, ఇంటర్నెట్, తాగునీళ్లు, పాడైన కుర్చీ, ఊడిన తలుపు, సున్నం, ఆట సామాను, రిజిస్టర్లు, చాక్‌పీసులు, అన్నీ రావాలి. దీనికి ముందున్న సర్వశిక్షా అభియాన్ పథకం రోజుల్లో ఒక్కో టీచరు పేరు మీద బోధన సామగ్రికని ఏడాదికి 500 రూపాయలు విడిగా ఉండేవి. అవి కూడా పెద్ద మొత్తమేం కాదు గానీ 'ఇది నీ తరగతికి' అని ఒక లెక్కంటూ ఉండేది.

మెసేజ్ రాసినవాళ్లకు అసలు తట్టని సంగతి ఇంకోటుంది. ఆ డబ్బు ఎప్పుడొస్తుంది?

విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ ఆఖర్లో తెరుస్తారు. చార్టులు, చాక్‌పీసులు, హాజరు పట్టీలు, ఒకటో తరగతి పిల్లలకు పలకలు, ఇవన్నీ ఆ వారమే కావాలి. 2021 నుంచి సమగ్ర శిక్షా డబ్బు బడి ఖాతాలో నేరుగా పడటం ఆగిపోయింది. అప్పుడు రాష్ట్రం మొత్తానికి ఒకే ఖాతా పెట్టి, బడిది జీరో బ్యాలెన్స్ ఖాతా చేశారు. పి.ఎఫ్.ఎం.ఎస్. అనే సర్కారు చెల్లింపుల వెబ్‌సైటులో 'ఇంత లిమిట్', అంటే ఇంత దాకా వాడుకోవచ్చు, అని కనబడితేనే ఖర్చు పెట్టాలి. మా దుకాణానికి హెడ్మాస్టర్లు 'లిమిట్ వచ్చింది' అంటూ వచ్చేది ఎక్కువగా చలికాలం పోయాక. మార్చి నెలంతా నాకు పండగే. 31వ తేదీ దాటితే వాడని లిమిట్ వెనక్కి పోతుందని ఒకటే టెన్షన్. దుకాణం పేరు, ఖాతా నంబరు వెండర్‌గా, అంటే సరుకు అమ్మేవాళ్లుగా, అందులో ఎక్కించాలి, పేమెంట్ అడ్వైస్ అనే చెల్లింపు కాగితం ప్రింటు తీసి సంతకాలు చేయించి బ్యాంకులో ఇవ్వాలి, సర్వర్ డౌన్ అంటే మళ్లీ రేపు రావాలి. లోపలి ఊళ్లో ఉన్న చిన్న కిరాణా కొట్టు ఈ పద్ధతిలోకి రానే రాదు. అందుకని చీపురు కట్ట కొన్నా తాలూకాకు రావాల్సిందే, బండి పెట్రోలు ఎవరిదో చెప్పక్కర్లేదు.

మరి జూన్ నుంచి మార్చి దాకా ఏం చేస్తారు? కొందరు నా దగ్గర ఉద్దెర పెడతారు. ఎక్కువమంది ఫోన్‌పే కొట్టి పోతారు. 'బిల్లు రాయమంటారా సార్' అంటే 'ఎవరికి చూపించాలి?' అంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఒక పక్కే మాట్లాడినట్టవుతుంది. మార్చిలో సామాను తీసుకోకుండా ఉత్త బిల్లు అడిగేవాళ్లు కూడా వస్తారు. అలాంటివాళ్లు లేరని నేనెలా అంటాను? కానీ ఆ ఉత్త బిల్లువాళ్లు, జూన్‌లో సొంత ఫోన్‌పే కొట్టినవాళ్లు ఒక్కరే కాదు. మెసేజ్ ఇద్దరినీ కలిపి తిట్టింది.

"చాక్‌పీసులకు, చార్టులకు ఎంతవుతుంది?"

చాక్‌పీసుల డబ్బా చవకే. ఖర్చంతా చాక్‌పీసులదే అనుకోవడం బడి గుమ్మం ఎక్కనివాళ్ల మాట.

మా తాలూకాలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు. లోపలికి పోతే గిరిజన భాషలు మాడియా, గోండి. బడి మాత్రం మరాఠీ. ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లకు మేడం చెప్పేది సగం కూడా ఎక్కదు, ఆ మేడం అమరావతి నుంచో నాగపూర్ నుంచో వచ్చి ఉంటే పిల్ల చెప్పేది ఆమెకూ ఎక్కదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. కాగితం మీద బాగానే ఉంది. ఇక్కడ తరగతిలో ఆ పని చేసేది ఒక మేడం చేసుకున్న బొమ్మల కార్డులు. ఆమె నా దగ్గరే రంగు ప్రింట్లు తీయించింది. ముందువైపు బొమ్మ, కింద మరాఠీ మాట. వెనకవైపు, మరాఠీ రాసే దేవనాగరి లిపిలోనే, ఇంట్లో పిల్లలు దాన్ని తెలుగులో ఏమంటారో, మాడియాలో ఏమంటారో స్కెచ్ పెన్నుతో రాసుకుంది. తెలుగు మాటలు నన్నడిగింది, మాడియా మాటలు బడిలో అన్నం వండే అక్కనడిగింది. చెమట చేతులకు చిరిగిపోతున్నాయని అన్నిటికీ లామినేషన్ చేయించింది. రంగు ప్రింటు, లామినేషన్ కలిపి ఒక్కో కార్డుకు ఎంతవుతుందో జిరాక్సు దుకాణానికి వెళ్లినవాళ్లందరికీ తెలుసు. అలాంటివి ఒక కట్ట. సర్కారు నుంచి వచ్చే బోధన సామగ్రి పెట్టెల్లో పూసలుంటాయి, అంకెల కార్డులుంటాయి, అవీ పనికొస్తాయి. సిరొంచ పిల్లల కోసం చేసిన కార్డులు మాత్రం ఏ పెట్టెలోనూ రావు. ఆమెకే గనక గ్రాంటు ఫారం ఇచ్చి రాయమంటే ఈ ఖర్చు ఏ గడిలో రాయాలి?

నోటుబుక్కుల సంగతి ఇంకో కథ. 2023-24లో పాఠ్యపుస్తకాల్లోనే ఖాళీ పేజీలు కలిపి ముద్రించారు, పిల్లలు వేరే నోటుబుక్కులు కొనక్కర్లేదన్నారు. తర్వాత ఆ పద్ధతే ఎత్తేశారు. ఖాళీ పేజీలున్నప్పుడు కూడా గణితానికి నోటుబుక్కులు కొంటూనే ఉన్నారు.

"నెలకు 80 వేలు తీసుకునేవాళ్లకు"

సీనియర్లకు జీతాలు బాగానే ఉంటాయి, కాదనను. కానీ మహారాష్ట్రలో కొత్తగా చేరినవాళ్లు మొదటి మూడేళ్లు శిక్షణ సేవకులు. వాళ్లకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ప్రాథమిక బడిలో 2023 దాకా అది నెలకు 6,000. ఆ ఏడాదే 16,000 చేశారు. మా దూరపు తాలూకాకు పోస్టింగ్ పడేది ఎక్కువగా ఇలాంటి కొత్తవాళ్లకే. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు, సీనియర్లు ఇటు రావడానికి ఇష్టపడరు. గది కిరాయి, బండి, ఇంటికి పంపేది పోగా ఆ కొత్త టీచరు చేతిలో ఏం మిగులుతుందో మీరే చూడండి.

80 వేలే వస్తున్నాయనుకుందాం. తహసీల్దారు ఆఫీసులో గుమస్తా తన జీతంలోంచి కాగితాల రిమ్ము కొని మన సర్టిఫికెట్ ప్రింటు తీస్తాడా? కొనమని ఎవరైనా అంటారా? విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బోధన సామగ్రి, గ్రంథాలయం, ఆట సామాను ప్రతి బడికీ సమకూర్చాలని రాసి ఉంది. టీచరు జీతంలోంచి అని లేదు.

"అమెరికాలో ప్రతి పైసా వాపసు"

ఇది శుద్ధ అబద్ధం. అక్కడున్నది వాపసు కాదు, పన్ను లెక్కలో చిన్న తగ్గింపు. 2002 నుంచి టీచర్లు తరగతి కోసం సొంతంగా పెట్టిన ఖర్చులో 250 డాలర్ల దాకా తమ ఆదాయం నుంచి తీసేసి పన్ను లెక్క కట్టుకోవచ్చు. 2022లో దాన్ని 300 చేశారు. 22 శాతం పన్ను కట్టే టీచరు 300 డాలర్లు పెడితే ఆమెకు పన్నులో తగ్గేది 66 డాలర్లు. మిగతా 234 ఆమె జేబులోంచి పోయినట్టే. అమెరికా విద్యాశాఖ గణాంక సంస్థ సర్వేలో 2014-15లో ప్రభుత్వ బడుల టీచర్లలో 94 శాతం మంది సొంత డబ్బు పెట్టినట్టు తేలింది, సగటున ఒక్కొక్కరు 479 డాలర్లు. అంత డబ్బున్న దేశంలోనే పరిస్థితి ఇది. అక్కడి టీచర్లు చెప్పుకున్నారు కాబట్టే ఆ లెక్క బయటికొచ్చింది.

మన దగ్గర ఆ 66 డాలర్ల పాటి ఊరట కూడా లేదు. జీతగాళ్లందరికీ ఒకటే స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ ఖర్చూ చూపకుండానే ఆదాయంలోంచి తీసేసే మొత్తం, కొత్త పన్ను పద్ధతిలో 75,000. టీచరు చార్టులు కొన్నా, కొనకపోయినా అంతే.

"బహుమతులు ఇస్తే పిల్లలు చెడిపోతారు"

మెసేజ్‌లో కాస్త పస ఉన్నది ఈ ఒక్క మాటకే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి 'గీస్తే బహుమతి ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలివ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలకు గీయడం మీద ఇష్టం తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు. అంటే తప్పు బహుమతిది కాదు, ముందే బేరం పెట్టడానిది. లెక్కకో చాక్లెట్ అని బోర్డు మీద రాసిపెట్టే టీచర్లు ఇది చదివితే మంచిదే.

అయితే మా దగ్గర బహుమతి పేరుతో ఏమిస్తున్నారో చూడండి. ఒక సార్ నెలనెలా వచ్చి పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లు కట్టలుగా తీసుకుపోతాడు. స్టిక్కర్లు, మెరుపు కాగితాలు చూపిస్తే వద్దంటాడు. "అన్నీ ఒకే రంగువి ఇవ్వు భాయ్, లేకపోతే కొట్టుకుంటారు" అంటాడు. ఒకరోజు అడిగితే చెప్పాడు. పెన్సిల్ లేని పిల్లాడికి అందరి ముందూ ఊరికే ఇస్తే వాడు తీసుకోడు, తల దించుకుంటాడు, మర్నాడు బడికే రాడు. వాళ్ల నాయన మిరప కోతకు తెలంగాణ పోయి ఉంటాడు, ఇంట్లో ముసలవ్వ ఒక్కతే. అదే 'నిన్న అక్షరాలు గుండ్రంగా రాశావు, ఇదిగో' అంటే దర్జాగా తీసుకుని జేబులో పెట్టుకుంటాడు. బహుమతి అనేది అక్కడ ఒక సాకు, ఇస్తున్నది బడి సామాను. ఆ ఐదు రూపాయల పెన్సిల్‌తో పిల్లాడు చెడిపోతాడని వాదించేవాళ్లు ఒక్కసారి వచ్చి ఆ సారుతోనే మాట్లాడండి.

"ఊరోళ్లే చందాలేసి ఇస్తారు"

దీన్ని ఇక్కడ లోకసహభాగ్ అంటారు. నాలుగు దుకాణాలు, ఇద్దరు కాంట్రాక్టర్లు ఉన్న ఊళ్లో నడుస్తుంది. టీవీ, ఫ్యాను, రంగులు అలా వచ్చిన బడులు ఉన్నాయి. పత్తి, మిరప కూలీకి, మేలో తునికాకుకు పోయి బతికే ఊళ్లో ఎవరు ఎవరి దగ్గర వసూలు చేయాలి? అలాంటిచోట చందా పట్టీలో మొదటి పేరు ఎప్పుడూ హెడ్మాస్టరుదే, చాలాసార్లు చివరిది కూడా ఆయనదే.

గుడ్డు సంగతి గుర్తుందా? 2023 నవంబరులో మధ్యాహ్న భోజనంలో వారానికొక గుడ్డు పెట్టాలన్నారు, గుడ్డుకు 5 రూపాయలు లెక్క కట్టారు. చలికాలంలో గుడ్డు ఆ ధరకు ఎక్కడ దొరుకుతుంది? తేడా ఎవరు కట్టారో మా కిరాణా అన్నను అడిగితే చెబుతాడు. 2025 జనవరిలో దానికి సర్కారు డబ్బు ఇవ్వదు, పెట్టాలనుకుంటే లోకసహభాగ్‌తో పెట్టుకోండి అని ఉత్తర్వు వచ్చింది. చందా అనే మాట ఎవరి నెత్తిన పడుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక ఫోటోలు. ఏ కార్యక్రమం చేసినా ఫోటో తీసి పంపమని పైనుంచే అడుగుతారు. టీచరు సొంత ఫోన్‌తో, సొంత డేటాతో అప్‌లోడ్ చేస్తుంది. అదే ఫోటో స్టేటస్‌లో పెట్టుకుంటే మెసేజ్ రాసినవాళ్లకు కడుపు మండింది, అంతే.

గ్రాంటు ఎంత వచ్చిందో నిజంగా తెలుసుకోవాలనుకుంటే గ్రూపులో అడిగి లాభం లేదు. ప్రతి బడికీ శాలా వ్యవస్థాపన సమితి, అంటే బడి నిర్వహణ కమిటీ, ఉంటుంది, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. సమావేశానికి వెళ్లి రెండు ప్రశ్నలు వేయండి: ఈ ఏడాది లిమిట్ ఎంత వచ్చింది, ఏ నెలలో వచ్చింది? ఖర్చు రిజిస్టరు అక్కడే ఉంటుంది. మా దుకాణం బిల్లులు కూడా అందులో అంటించి ఉంటాయి, తేదీలు చూసుకోండి.